మా ఎమ్మెల్యే గారి కార్డు

మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో మాకు రాజకీయాలు బోధించిన అమెరికన్ ముసలాయన, తన దేశంలో ఇరవై ఏళ్లు ఒక రాష్ట్ర శాసనసభలో ఉండి, చివరికి ఓడిపోయి వచ్చినవాడు. తెలుగువాళ్లం ఆయన్ని చాటుగా ఎమ్మెల్యే గారనే అనుకునేవాళ్లం. వెనక కార్లూ లేవు, అనుచరులూ లేరు. ఎవరేం చెప్పినా చొక్కా జేబులోంచి తెల్ల కార్డు తీసి రాసుకునేవాడు. కళ్లు మాత్రం ఎప్పుడూ నిద్ర చాలనట్టే ఉండేవి.

నేను వరసగా మూడు క్లాసులకు ఆలస్యంగా వెళ్లి, "మేముండే పాయింట్ కుక్‌ పేటలో బస్సు టైముకి రాదు సార్" అన్నాను. అదీ రాసుకున్నాడు.

"మాజీ అయినా హ్యాబిట్ పోలేదే ఆయనకి, యూనివర్సిటీలో కూడా అర్జీలు తీసుకుంటున్నాడు" అని నా రూమ్మేట్ నవ్వింది.

తర్వాతి వారం నేను తొందరగా బయల్దేరిన ఒక పొద్దున, చలిలో మా స్టాపు దగ్గర ఆయనే నిలబడి ఉన్నాడు. బస్సు సరిగ్గా టైముకే వచ్చింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"మీకు ఓట్లేసినవాళ్లు కూడా ఇలా అబద్ధాలు చెప్పేవాళ్లా సార్?"

"సగం మంది" అన్నాడు అలసటగా. "ఏ సగమో వెళ్లి చూస్తే తప్ప తెలిసేది కాదు."

మేం ఎక్కుతామేమోనని డ్రైవరు కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆయన కార్డు మీద బస్సు సంగతి కొట్టేసి, వెనక్కి తిప్పి పెన్ను పట్టుకున్నాడు.

"అయితే నీ అసలు ఇబ్బంది ఏమిటి?"

క్లాసుకి ముందు కేఫ్‌లో గిన్నెలు కడుగుతున్నాననీ, ఇంట్లో ఆ సంగతి తెలియదనీ చెప్పడం పూర్తయ్యేసరికి రెండో బస్సు కూడా వెళ్లిపోయింది.