తీసేసే ముందు అడిగే మిషిను

సార్ పోయిన కబురు సార్ భార్యే సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి చెప్పింది. "చెల్లె, మీ సార్ లేడు. పగటీలి అన్నం పెట్టి పిలిస్తె పలుకలే. మిషిన్ ముంగట కుర్చీలనే పాణం పోయింది." ఆమె ఏడవలేదు. నాకు ఏడుపు రాకముందే ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. ఇంకా సాయంత్రం కాలేదు కదా, ఆ రోజు టైపు కొట్టిందంతా మిషిన్‌లో అలాగే ఉండిపోయి ఉంటుంది అనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానో మీకు తెలియాలంటే ముందు సార్ పద్ధతి చెప్పాలి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. జగిత్యాలలో ఒక చెప్పుల దుకాణం పైన సార్ కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. కోరుట్ల నుంచి నేను బస్సులో వెళ్లేదాన్ని. మా అమ్మ బీడీలు చుట్టేది. నా డిగ్రీ అయిపోయింది కాబట్టి, ఆ ఏడాది ఉద్యోగం రాకపోతే నేనూ బీడీలకే కూర్చోవాలని ఇంట్లో తేలిపోయింది. అమ్మ నన్ను బెదిరించలేదు. నాకోసం ఆకూ తంబాకూ పెట్టుకునే ఇంకో చాట కొని తన చాట పక్కన పెట్టింది, అంతే. రోజూ దాన్ని దాటుకుని బస్సెక్కేదాన్ని.

మాకున్నది ఒకే పుస్తకం. ఇటుకంత లావు, అంతా ఇంగ్లిష్. పెద్ద కంపెనీల పనులు సర్వర్ మీద ఎలా నడుస్తాయో, వాటికి జావాలో ప్రోగ్రాములు ఎలా రాయాలో మొదటి మెట్టు నుంచి చెప్పే పుస్తకం. పొద్దున్నే చదవాలి, రాయాలి, నడిపించాలి. సాయంత్రం తాళం వేసే ముందు సార్ ఒక్కో మిషిన్ దగ్గరికి వచ్చి, మేం రాసిందంతా తీసేసేవారు.

"రేపు మల్ల కొట్టుండ్రి. పుస్తకం ముట్టద్దు."

ఇంటి దగ్గర పసిపాపను వదిలి కొడిమ్యాల నుంచి వచ్చే ఒకామె ఒకరోజు మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "పొద్దుగాల సంది కష్టపడ్డ సార్, ఉండనీయుండ్రి" అంది. సార్ ఆమె చెయ్యి తీసేదాకా నిలబడ్డారు. "కష్టపడి నేర్సింది మిషిన్ల ఉండదు, నీ తలకాయల ఉంటది. లేదంటవా, అది నీది కాదు" అని తీసేశారు. ఆమె మరుసటి వారం నుంచి రాలేదు. సార్ అడగలేదు కూడా.

నిజంగా తీసెయ్యాలా అని మిషిన్ అడిగినప్పుడల్లా వేలితో తెర మీద చూపించేవారు. "మిషినే నయం. తీసేసే ముందు ఓసారి అడుగుతది." సార్ వాళ్ల నాన్న బుగ్గారంలో కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. నడుముకు కట్టుకునే మోకు తెగి, కిందపడి చనిపోయాడు. ఆ మాట సార్ ఒక్కసారే చెప్పారు, అదీ మిషిన్ అడిగే ఆ ప్రశ్న ముందే.

నోరు మాత్రం మంచిది కాదు. నేను రాసింది చూసి, "గిది ప్రోగ్రాం కాదు, పుస్తకానికి జిరాక్స్" అనేవారు. ఆయనంటే నాకు భయం, కోపం. ఇంత ప్రేమ కూడా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

బస్సులు బందైన రోజుల్లో ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే శిబిరం వేసి వంటావార్పు పెట్టారు. సార్ మమ్మల్ని పుస్తకం పట్టుకుని అక్కడికే రమ్మన్నారు. నేను దొరికిన ఆటో ఎక్కి వచ్చాను. పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్నామెను చూపించి సార్ పాఠం మొదలుపెట్టారు.

"గామె సర్వర్ అనుకోండ్రి. పళ్లెం పట్టుకొని నిలవడ్డోళ్లు క్లయింట్లు. కూర ఎట్లయిందో మీకు పనిలేదు, అడిగింది పళ్లెంల పడాలె. ఇగ పళ్లాలు చూడుండ్రి. మంది మస్తు, పళ్లాలు కొన్నే. తిన్నోడు కడిగి పెడితెనే ఎనుకటోడు తింటడు. పుస్తకంల కనెక్షన్ పూల్ అంటే గదే."

అంతలో ఒకతను తిన్న పళ్లెం కడగకుండా గోడ పక్కన పెట్టి వెళ్లాడు. "గీ ఒక్కడు సాలు, సర్వర్‌ను సంపుతడు" అన్నారు సార్, అతనికి వినపడేలా. ఇప్పటికీ ఆఫీసులో సర్వర్ బిగుసుకుపోతే నేను ముందు వెతికేది ఆ కడగని పళ్లాన్నే.

ఆ శిబిరంలోనే సార్ మైకు పట్టుకుని ఎప్పుడూ ఒకే సంగతి చెప్పేవారు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోతే, ఆయన నోరు తెరవగానే గదిలో అందరూ నవ్వారట. "నా పనికి నవ్వలె. నా మాటకు నవ్విండ్రు" అనగానే చప్పట్లు మోగేవి. ఆ నవ్వుకే సార్ వెనక్కి వచ్చేసి జగిత్యాలలో ఉండిపోయారు.

ఇక ఒక ఫోల్డర్ సంగతి చెప్పాలి. ఆ పుస్తకం రాసిన తెల్లదొర తన మిషిన్‌లో తన పేరుతోనే ఒక ఫోల్డర్ పెట్టుకుని, ఉదాహరణలన్నీ అందులోనే చూపించాడు. మేమూ ప్రతి మిషిన్‌లో ఆ దొర పేరుతోనే ఫోల్డర్ పెట్టేవాళ్లం. "అక్షరం మారినా నడవది" అనేది సార్ చట్టం. ఎప్పుడో ఒకసారి మార్చి చూస్తే నడవలేదట. అదే పేరు ఇంకో ఫైలులో కూడా ఉంటుందని, రెండు చోట్లా మార్చాలని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. ముఖమే తెలియని ఒక తెల్లదొర పేరును అంతమందిమి రోజూ పొద్దున పెట్టి సాయంత్రం తీసేశాం.

నేను హైదరాబాద్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ప్రోగ్రాం రాయమని మిషిన్ ముందు కూర్చోబెట్టారు. మొదట దొర పేరుతో ఫోల్డర్ పెట్టాను. "ఈ పేరెవరిది?" అన్నాడు ఒకతను.

"తెల్వది సార్. గట్లనే ఉండాలె."

అతను పక్క గదిలోంచి ఇద్దరిని పిలిచి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. "గట్లనే ఉండాలె" అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. ఒకతను నవ్వు ఆపుకుంటూనే రెండు చోట్లా పేరు మార్చి నడిపించి చూపించాడు. పంపించేశారు. ఇంటికొస్తే అమ్మ నా చాట కడిగి ఎండకు పెట్టింది.

మరునాడు క్లాసులో సార్ అడిగారు. జరిగిందంతా చెప్పాను. సార్ మిషిన్ ముందు కూర్చుని, నేను చెప్పిన రెండు చోట్లా దొర పేరు తీసి బుగ్గారం అని కొట్టారు. నడిచింది. క్లాసంతా చూస్తూనే ఉంది.

"నన్ను గూడ హైదరాబాద్‌ల గిదే అడిగిండ్రు" అన్నారు. "గీ పేరెవ్వలదని. గట్లనే ఉండాలె అన్న. నవ్విండ్రు. ఎందుకు నవ్విండ్రో గియ్యాల తెలిసింది."

"మన మాటకు గూడ నవ్విండ్రు సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

"ఊకో. నన్ను బుదగరియ్యకు" అని నా ఓదార్పును తోసేశారు. ఆ సాయంత్రం కూడా తాళం వేసే ముందు అన్నీ తీసేశారు.

తర్వాత శిబిరంలో మైకు ఇస్తే సార్ జరిగింది జరిగినట్టు చెప్పారు, ఫోల్డర్ సంగతితో సహా. వినేవాళ్లు మన మనుషులే, మన మాటే. వాళ్లూ నవ్వారు. ఆ తర్వాత సార్‌కు మైకు ఇవ్వలేదు. పాత సంగతే చెప్పి ఉంటే చప్పట్లు మిగిలేవి.

నాకు ఉద్యోగం వచ్చింది. ఈసారి ఇంటర్వ్యూలో కరెంటు పోతే ప్రోగ్రాం మొత్తం కాగితం మీద రాసిచ్చాను. తీసేసి తీసేసి సార్ నా తలకాయలో పెట్టింది అదే. అందులో ఫోల్డర్‌కు కోరుట్ల అని పేరు రాశాను, ఎవరూ నవ్వలేదు. రాష్ట్రం వచ్చింది. పిల్లలు నేర్చుకోవడానికి నేరుగా హైదరాబాదే వెళ్లసాగారు. చెప్పుల దుకాణం పైగది మూసి, సార్ సిరిసిల్లలో ఒక నెట్ సెంటర్ వాళ్లకు ఇంటి నుంచే దరఖాస్తులు నింపే పనిలో కుదిరారు.

నేను సిరిసిల్ల వెళ్లేసరికి సార్ కర్మలన్నీ అయిపోయాయి. సార్ భార్యను నేను అక్క అంటాను, ఆమె నన్ను మిషిన్ దగ్గరికి తీసుకెళ్లింది. "మిషిన్ నెట్ సెంటరాయనది చెల్లె. రేపు తీస్కపోతడట. లోపట మీ సార్‌ది ఏమన్న ఉంటే తీసెయ్యి. దినాం పని నడుమ ఏందో కొట్టుడు, మాపటికి తీసేసుడు. ఎవ్వలకు సూపియ్యకపోతుండె."

ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు, నిలబడే తెరిచాను. బుగ్గారం పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. అందులో పుస్తకంలోని మొదటి పాఠం, ఒక వరుస మధ్యలో ఆగిపోయి ఉంది. మిగతాది నాకు కంఠతా వచ్చు. పూర్తి చేసి నడిపించాను. నడిచింది. "గిది దేనికి పనికస్తది?" అంది అక్క. "దేనికి రాదక్కా" అన్నాను.

తీసెయ్యమని నొక్కితే మిషిన్ అడిగింది. "ఏమంటుంది?" అంది అక్క.

"నిజంగనే తీసెయ్యాల్నా అని అడుగుతుందక్కా."

ఆమె అప్పుడు ఏడ్చింది. "నన్నడుగుతుందా" అంది. నేను అవునని నొక్కాను. తెర మీద ఏమీ మిగల్లేదు. కుర్చీ మెత్తలో సార్ కూర్చున్న గుంత మాత్రం అలాగే ఉంది.