తెల్ల గౌనుకు కాజాలు

ఒక మాట అన్నాను. అన్న రోజు నుంచి దాన్ని మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం వాన పడిందని రాసి ఊరుకున్నాను.

మాది జహీరాబాద్. బడి అయిపోయాక పై చదువుకు పంపలేదు. వెనక గల్లీలో రత్నమ్మక్క దగ్గర కుట్టు నేర్చుకోమన్నారు. ఆమెకు భర్త లేడు. ఒక్క కూతురు, ఒక్క కాలి మిషన్. చుట్టుపక్కల ఆడవాళ్ల జాకెట్లు చాలావరకు ఆమె చేతి మీదుగానే పోయేవి. మధ్యాహ్నం నేను పుస్తకం తెరిస్తే, చప్పుడు నాకు అడ్డమని మిషన్ ఆపి ఊరికే కూర్చునేది. అట్లాంటి మనిషి.

తర్వాత అన్నకు పెళ్లయింది. వదినకూ కుట్టు వచ్చు. అన్న ఆమెకు కొత్త మిషన్ కొనిచ్చాడు. నేను రత్నమ్మక్క దగ్గర మానేసి ఇంట్లోనే వదినకు సాయంగా కూర్చున్నాను. మిషన్ ఉంది, గిరాకీ లేదు. గోడకు బోర్డు పెడితే ఎవరూ చూడలేదు. "మహిళా మండలికి పో. నలుగురిల కూసో. జర నోరు తెరువు," అంది వదిన.

మండలి అంటే పాత బడి గదిలో గురువారం మధ్యాహ్నాలు ఆడవాళ్లు కూడడం. ఒకరు బియ్యం ఏరుతూ, ఒకరు స్వెటర్ అల్లుతూ ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటారు. చాలా వారాలు నేను మూలకు కూర్చుని వచ్చేశాను. ఒకసారి ఎవరో కొత్త చీర రంగు వదులుతోందని బాధపడితే, ఉప్పునీళ్లలో నానబెట్టి నీడకు ఆరేయమని తల వంచుకునే చెప్పాను. తర్వాతి వారం ఆమె జాకెట్ గుడ్డ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అప్పుడు అర్థమైంది. పని ఇమ్మని ఎవరినీ అడగక్కర్లేదు. వాళ్లు అడిగినదానికి తెలిసింది చెబితే చాలు, వాళ్లే వస్తారు. చంక దగ్గర ఎందుకు బిగుస్తుంది, చీర అంచుకు వేసే ఫాల్ ఎందుకు ముడుచుకుంటుంది, అన్నీ చెప్పాను. అవన్నీ రత్నమ్మక్క నేర్పినవే. నీకెట్ల తెలుసని అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ వానాకాలం గురువారం కోహీర్ నుంచి పటేలమ్మ వచ్చింది. ఇంట్లో మేనకోడలి పెళ్లి. ఆడవాళ్లందరి జాకెట్ల గుడ్డలు మూటగట్టి తెచ్చింది.

"నాకైతే రత్నమ్మ చెయ్యే పడ్తది. ఇటునుంచి ఆడికే పోత," అంది పటేలమ్మ.

పక్కింటి నర్సవ్వ నా భుజం పొడిచింది. "ఇగో, ఈ మూగ పిల్లను గూడ అడుగు. వీళ్ల ఇంట్ల కొత్త మిషనున్నది. ఇయ్యాల వాన గొట్టింది గద, కప్ప లెక్క నోరు ఇప్పుతదేమో!"

అందరూ నవ్వారు.

"ఏం పిల్లా, రత్నమ్మ దగ్గర్నే నేర్చినవంట గద. ఎట్ల కుడ్తది ఆమె?" అని అడిగింది పటేలమ్మ.

"మంచిగ కుడ్తది," అన్నాను. అక్కడ ఆగి ఉండాల్సింది. "మొన్న ఎండకాలంల మా గల్లీల పిల్ల చచ్చిపాయె గద. సమాధిల పెట్టేటప్పుడు తొడిగిన గౌను గూడ ఆమెనే కుట్టింది."

అందరూ నా వైపు తిరిగారు. "గదే మిషన్ మీదనా?" అంది నర్సవ్వ.

"గదే."

"అవ్వో! పీన్గుకు కుట్టిన సూదితోనే పెండ్లి జాకెట్లా?"

పటేలమ్మ మూట దగ్గరికి లాక్కుంది. నా వైపు తిరిగింది. "మీ వదినె ఇంట్లనే ఉంటదా?"

అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నేను చెప్పింది నిజం, కానీ సగమే. మిగతా సగం ఇది. ఆ పిల్ల తల్లి తెల్ల పాప్లిన్ గుడ్డ తెచ్చి గడపలో కూలబడిన పొద్దున నేనక్కడే, ఇంకా పని నేర్చుకుంటూ ఉన్నాను. రత్నమ్మక్క పైసలు తీసుకోలేదు. కుడుతూ కుడుతూ ఏడ్చింది. "కాజాలు నువ్వు కుట్టు బిడ్డా, నాకు కండ్లు కనవడ్తలేవు," అంది. ఆ చిన్న గౌనుకు కాజాలన్నీ కుట్టింది నేను. బొత్తాలు పెట్టి చూసింది నేను. సూది మైలపడితే నా చేతులు మాత్రం ఎట్లా పడలేదు? ఆ చేతులతోనే పటేలమ్మ ఇంటి జాకెట్లన్నింటికీ హుక్కులు కుట్టాను.

ఎందుకన్నాను? గిరాకీ కోసమే అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. గిరాకీ కోసమే అయితే అంత వణుకు, దాని వెనకాలే అంత సంతోషం ఎందుకు కలిగాయి? పుట్టినప్పటి నుంచి ఎవరూ నా మాటకు తల తిప్పి చూడలేదు. ఆ రోజు గదిలో అందరూ చూశారు. ఆ చూపు కోసమే అన్నానేమో. ఇది మరీ సిగ్గుగా ఉంది.

ఆ మాట నాకంటే ముందే ఊరంతా తిరిగింది. పెళ్లిళ్లు, సీమంతాలు, పిల్లల తొట్టెల బట్టలు, ఏవీ రత్నమ్మక్క గడప తొక్కలేదు. మెల్లగా మామూలు జాకెట్లూ ఆగిపోయాయి. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిషన్ అమ్మేసి అల్లం చేన్లలో కూలికి పోయింది. మా ఇంట్లోకి రెండో మిషన్ వచ్చింది. అది ఆమెది కాదు. అయినా దాని చప్పుడు ఆమె మిషన్ చప్పుడులాగే ఉంటుంది. పసిపిల్లల బట్టలు వస్తే కళ్లు నొస్తున్నాయని వదినకు ఇచ్చేస్తాను. ఎర్ర గుడ్డ కుడుతున్నా సూది కింద ఒక్కోసారి తెల్లగా కనిపిస్తుంది. ఆ పిల్ల తల్లి ఎదురైతే గల్లీ మారతాను. తన బిడ్డ చివరి గౌను ఊరికి అంటుగా మారిందని ఆమె విన్నదో లేదో.

నిరుడు రత్నమ్మక్క మా ఇంటికి వచ్చింది. చేతులకు పగుళ్లు. కూతురు పెళ్లి కుదిరిందట. జాకెట్ గుడ్డ నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే కుట్టాలె బిడ్డా. ఎవల నోరు పడ్డదో గని, నా పని ఆగిపాయె. గా మనిషి దొరికితే నేను తిట్ట. ఒక్కటే అడుగుత. నేనేం చేసిన అని."

"కూసో అక్కా, కొలత తీస్త," అన్నాను.

అంతే అన్నాను. జాకెట్ కుట్టి ఇచ్చాను. బాగా కుదిరిందని కూతురితో కబురు పంపింది. ఆ పిల్ల మొహం కూడా సరిగ్గా చూడలేకపోయాను.

నువ్వేమీ చేయలేదక్కా. చేసింది నేను. ఈ రెండు మాటలు ఆమె ముందు రాలేదు, మీ ముందు వచ్చాయి. ఆమెకు అందని ఒప్పుకోలు ఆమెకేం పనికొస్తుందో నాకు తెలియదు. రేపు గల్లీలో కనిపిస్తే మళ్లీ తల దించుకుంటానేమో. కానీ ఇది రాస్తున్నంతసేపు, చాలా ఏళ్ల తర్వాత, ఊపిరి సాఫీగా ఆడింది.