ముసుగు వెనక పేరు

అసిరయ్యకు నిలకడ లేదు. పాలకొండ వైపు నుంచి కుర్రతనంలో వచ్చి టాటానగర్ స్టీలు మిల్లులో చేరిన మనిషి. డ్యూటీలో ఎలా ఉండేవాడో గానీ, సిద్ధగోరా క్వార్టర్లలో కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. డెబ్బై తొమ్మిది వానాకాలంలో అయితే మా వరసనంతా కాల్చుకు తిన్నాడు. అదీ ఒక ముసుగు మనిషి కోసం!

ఆ మనిషి మా బస్తీవాడు కాదు. నెలనెలా రైల్లో వచ్చే తెలుగు పత్రికలో ఒక జానపద సీరియల్ పడేది. అందులో నల్ల ముసుగేసుకుని గుర్రం మీద వచ్చి, రాజుగారి చెరలోంచి ఖైదీలను విడిపించి మాయమైపోయే రౌతు ఉన్నాడు. వాడెవడో రచయిత చెప్పి చావడు. అసిరయ్యకు చదువు రాదు. కొడుకు చినబాబు చదివింది హిందీ బడిలో, తెలుగు అక్షరం ముక్క రాదు. అందుకని పత్రిక రాగానే షిఫ్టు దిగినవాళ్ళంతా మా అరుగు మీద చేరేవారు, నేను పెద్దగా చదివేదాన్ని.

"ఆడు పెద్ద యువరాజే. సచ్చిపోనాడని అనుకుంటన్నారు గానీ ఆడు బతికే ఉన్నాడు," అనేవాడు అసిరయ్య. పక్కింటి తవిటయ్య మాత్రం సేనాపతి అనేవాడు. ఇద్దరూ గొంతులు చించుకునేవారు.

ఒకసారి అసిరయ్య కోడలు పద్మకుమారి గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ నాతో, "రౌతు వచ్చినప్పుడల్లా కోటలో దీపాలారిపోతన్నాయి కదప్పా. దీపాలెట్టేది ఆ దాసే కదా. అదేనేమో?" అంది.

"దాసి గుర్రమెక్కుద్దేటి!" అని అసిరయ్య పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ పిల్ల చేట తీసుకుని లోపలికి పోయింది.

అప్పుడామె కడుపుతో ఉంది. పుట్టింట పురుడు పోయాల్సిన తల్లి అంతకు ముందు ఏడే పోయింది, అందుకని ఇక్కడే కంది. ఆడపిల్ల. సరిగ్గా అప్పుడే సీరియల్ చివర, వచ్చే నెల ముసుగు తొలగిపోతుందని పడింది. నేనింకా పత్రిక మూయనైనా లేదు, అసిరయ్య లేచి నిలబడ్డాడు.

"పైడితల్లమ్మ మీద ఒట్టు! ముసుగులో ఎవులుంటే ఆళ్ళ పేరే నా మనవరాలికి. పెద్ద యువరాజు విజయసింహుడే ఉంటాడు. పిల్ల పేరు విజయ!"

ఏం మనిషో! అమ్మవారి మీద ఒట్టేశాక ఇంక ఎవరేం చేస్తారు?

ఇరవై ఒకటో రోజు వచ్చింది గానీ పత్రిక రాలేదు. ఎక్కడో వరదకు పట్టాలు కొట్టుకుపోయాయట. బారసాల ఆగింది. అసిరయ్య రోజూ డ్యూటీ దిగి, వానలో సైకిలు తొక్కుకుంటూ టాటానగర్ స్టేషన్‌కి పోయేవాడు. పుస్తకాల దుకాణంవాడు "కల్ ఆయేగా చాచా" అని రోజూ రేపటికి తోసేవాడు. ఇంటికొచ్చి వాకిట్లో అటూ ఇటూ తిరగడమే. అన్నం సగంలో లేచిపోయేవాడు.

"సేనాపతైతే ఏటి సెయ్యాల కాంతమ్మా? ఆడి పేరు దుర్ముఖుడు కదా!" అని నా ప్రాణం తోడేసేవాడు.

"ఒట్టెయ్యమని నాను సెప్పినానా?" అని కసిరేశాను.

పేరు లేని పిల్లను వీధిలోవాళ్ళు గుడియా, అంటే బొమ్మ, అనడం మొదలెట్టారు. ఒకరోజు పద్మకుమారి మా వంటింట్లోకొచ్చి ఏడ్చేసింది.

"నా బిడ్డకి దుర్ముఖి అని పేరెడతారేటప్పా? నా మనసులో ఓ పేరుంది."

"మీ మావకి సెప్పరాదా?"

"నన్నెవులడిగినారు?"

కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచాను.

చివరికి పత్రిక వచ్చింది. అసిరయ్య దాన్ని చొక్కా లోపల దాచి, తను మాత్రం నిలువునా తడిసి వచ్చాడు. అరుగు నిండిపోయింది. కథలో భటులు రౌతును పట్టుకున్నారు, ముసుగు లాగారు. లోపల ఉన్నది దీపాల దాసి!

తవిటయ్య నోరు తెరిచాడు.

"పేరు! దాని పేరు సదువు!" అని అసిరయ్య నా మీద పడ్డాడు.

చదివాను. "'నీ పేరేమిటి?' అన్నాడు రాజు. 'ఈ కోటలో నన్ను పేరడిగింది ఇవాళే ప్రభూ,' అంది దాసి."

అంతే. అక్కడితో ఆపేశారు. పాత పత్రికలన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ దాసి, దాసి. పేరు ఎక్కడా లేదు.

అసిరయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు చూశాడు.

"దీపాల సంగతి సెప్పింది నువ్వే కదమ్మా," అన్నాడు. గొంతు తగ్గింది. "పిల్లకి ఏ పేరెట్టాలనుంది నీకు?"

"నన్నేనా మావయ్యా అడుగుతన్నారు?"

"నిన్నే."

పద్మకుమారి కళ్ళనిండా నీళ్ళు. "మా అమ్మ పేరు. దాలమ్మ."

"స్కూల్ మే సబ్ హసేంగే," అని గొణిగాడు చినబాబు.

"నోర్మూసుకో. నవ్వితే నవ్వనీ!" అని కొడుకును కసిరాడు అసిరయ్య.

"మరి ఒట్టో?" అన్నాడు తవిటయ్య.

"ముసుగులో ఉన్నదానికి పేరే లేదు. ఒట్టు తీరిపోయింది," అన్నాడు అసిరయ్య.

ఆ వారమే బారసాల చేశారు. పళ్ళెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో పేరు రాయాలి. చినబాబు ఉంగరం పట్టుకుని బిక్కమొహం వేశాడు. అందరూ నావైపు చూశారు. నేను లేచేలోగా పద్మకుమారి మొగుడి చెయ్యి పట్టుకుని, బియ్యంలో ఒక్కో అక్షరం దిద్దించింది. ఆ పిల్లకు చదువొచ్చని ఆ రోజు దాకా మాలో ఎవరికీ తెలియదు. ఆ పేరు పూర్తయ్యేదాకా అసిరయ్య పీట మీద కదలకుండా కూర్చున్నాడు.