మహబూబాబాద్ అంచున నేను ‘ఖాళీ’ అని రాసిన చోటు

నగర ప్రణాళిక చదువుతున్నాను. మహబూబాబాద్‌లో చదువుకునే పిల్లలకు హాస్టల్ ఎక్కడ కట్టాలో, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఇబ్బంది లేకుండా చూసి చూపించడం ఈసారి మాకిచ్చిన పని. జనగామలో ఇంట్లోనే కూర్చుని, తెర మీద ఊరి అంచున తండా పక్కన ఒక స్థలం ఎంచుకున్నాను. దాని మీద ‘ఖాళీ’ అని రాశాను. సార్‌కు ఇచ్చే ముందు ఒకసారి కళ్లతో చూద్దామనిపించింది.

పొద్దున రైలెక్కితే కాజీపేట మీదుగా పదిన్నరకల్లా దిగవచ్చు. స్టేషన్ నుంచి తండా దాకా ఆటోకు ఎనభై అడిగారు. హాస్టల్ కోసం స్థలం చూడాలని చెప్పాను. “ఆడ హాస్టల్ కడుతున్నరా అక్కా?” అన్నాడు డ్రైవరన్న. చూడటానికే అన్నాను. “కట్టుండ్రి. పిల్లగాండ్లొస్తె మాకూ జర గిరాకి.”

గట్టు మీద నిలబడి చూశాను. స్థలంలో నాలుగు గుంజలు పాతి ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది. శ్రావణంలో మా లంబాడీల తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, అలాంటి గుంజల మీద మంచె కట్టి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. లింగాల ఘనపూర్ దగ్గర మా నానమ్మ తండాలో నేనూ పోశాను.

పక్కనే ఇద్దరు ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. “ఏడికెళ్లి వచ్చినవు బిడ్డా?” అంది పెద్దామె.

“జనగామ.”

మీ లంబాడీ భాష నాకూ వచ్చని చెప్పాల్సింది అప్పుడే. కాన్వెంటులో దాన్ని దాచుకోవడం అలవాటైంది. హాస్టల్ సంగతి తెలుగులోనే చెప్పాను.

“వద్దంటలేం,” అంది పెద్దామె. “నా మనుమరాలు హన్మకొండల రూము దొరక్క పరేషానైంది. లంబాడోళ్లమని చెప్పంగనే తలుపేసిండ్రు. మా ఇండ్లల్ల గుడ రూములిస్తం. హాస్టల్ రోడ్డు దిక్కు కట్టుండ్రి. గీ జాగ మాత్రం ముట్టద్దు. మా పిల్లలు యాడ మంచె కట్టాలె?”

రెండో ఆమె నవ్వి, తమ భాషలో, “ఈమెకేం తెలుస్తుంది? బూట్లకు మట్టి అంటుతుందని గట్టు దిగనే లేదు” అంది. పెద్దామె అదే భాషలో, “విన్నట్టే వింటారు, కట్టేది కడతారు” అంది.

బూట్లు విప్పి గట్టు దిగాను. ఆ భాషలోనే మా తండా పేరు, మా నానమ్మ పేరు చెప్పాను. హాస్టల్ రోడ్డువైపు మార్చి గీస్తానన్నాను.

పెద్దామె చేతిలోని కాయ కింద పెట్టింది. “గప్పటిసంది మా మాటలన్నీ ఇంటనే ఉన్నవా?” అని తెలుగులో అడిగింది. రెండో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుపడాల్సింది నేను. తలలు దించుకున్నది వాళ్లు.

తిరుగు రైల్లో ‘ఖాళీ’ కొట్టేసి ‘తీజ్ మంచె’ అని రాశాను. హాస్టల్‌ను రోడ్డువైపు జరిపాను. అది సులువుగానే జరిగింది. ఆ మనుమరాలి ముందు తలుపు వేసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. కానీ గట్టు మీద నిలబడినంతసేపూ నేను వాళ్లలో ఒకదాన్నే అనిపిస్తోంది. మీరూ ఇలాంటి చోటు చూడటానికి వెళ్తే, కొలతల టేపు తీయకముందే మీరు ఎవరి పిల్లలో, ఏ భాష వచ్చో చెప్పండి.