మైదక్క పెట్టని సంతకం

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమె సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది. దాన్ని అక్కణ్ణుంచి కదిలించినవాళ్లు మాత్రం లేరు. పెద్దసారు మొదలుకొని గేటు దగ్గర అర్జీలు రాసిపెట్టే ముసలాయన దాకా ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో అందరికీ ఆమె మైదక్క. ఆమె ఇంట్లో పొద్దున్నే పొయ్యెక్కేది టీ కాదు, మైదాపిండి. ఉండ కట్టకుండా కలియబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, పాత డబ్బాలోకి వంచుకుని, బ్రష్షు అందులో గుచ్చి బయలుదేరేది. తుత్తం విషం కాబట్టి పిండి ఉడికించే గిన్నె జోలికి ఎవరూ పోకూడదని దాని చెవికి ఎర్రదారం కట్టి ఉంచేది. ఆఫీసువాళ్లు గమ్ము సీసాలు ఇస్తారు. ఆమె వాటి మూత కూడా తియ్యదు.

"ఆ గమ్ము పదిరోజులకే పెళుసెక్కి రాలుతుంది. నా కాగితం ముప్పై రోజులు బోర్డు వదలకూడదు" అనేది, అదేదో తన పరువు సంగతన్నట్టు.

పరువు సంగతే మరి. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, గోడ పడగొట్టాలన్నా, ముందు ఆ సంగతి నోటీసుగా ఆఫీసు బోర్డు మీద ముప్పై రోజులు ఉండాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆలోపు రాసివ్వాలి. గడువు దాటిందా, లబోదిబోమన్నా వినే నాథుడు ఉండడు. ఆఖరికి సిబ్బంది బదిలీ ఉత్తర్వైనా బోర్డెక్కితేనే అమల్లోకి వస్తుంది. అతికించిన ప్రతిసారీ పెద్ద రిజిస్టరులో 'ప్రజలకు ఎదురుగా కనిపించే బోర్డు మీద అతికించాను' అన్న వాక్యం కింద మైదక్క సంతకం పెట్టాలి. ఇరవై ఆరేళ్లుగా పెడుతూనే ఉంది.

కొత్తగా వచ్చిన పెద్దసారు మంచి భక్తుడు. ఒక సోమవారం మైదక్క వచ్చేసరికి గుమ్మానికి ఎదురుగోడ మీద బోర్డు లేదు. అక్కడ నిలువెత్తు దేవుడి పటం, చుట్టూ రంగుల బల్బులు, కింద దీపం. బోర్డు వెనక వసారాలో, మరుగుదొడ్డి పక్కన, నీళ్ల డ్రమ్ము చాటున తేలింది. గుమ్మం బయట అప్పుడే పది జతల చెప్పులు పోగయ్యాయి.

పటంలో ఉన్నది మైదక్క రోజూ కొలిచే దేవుడే. చూడగానే చేతులు జోడించింది. ఆ తర్వాత డ్రమ్మును పక్కకు జరిపి, ఆ రోజు వచ్చిన రోడ్డు నోటీసు అతికించి, రిజిస్టరు తెరిచి అలవాటు కొద్దీ సంతకం గీకేసింది. తప్పు అక్కడ జరిగింది. పెద్దసారు వల్ల సగం జరిగితే, మిగతా సగం ఈమె చేతివేళ్ల వల్ల జరిగింది.

నెల దాటిన రెండో రోజున మూలమలుపు దర్జీ కొట్టు గోడకు ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. గీత ఇటు సగం దర్జీది, అటు సగం రోడ్డుది. కుట్టు మిషను రోడ్డు వైపుకే వెళ్లింది. దర్జీది వేరే మతం. మైదక్క కూతురి బడి బట్టలన్నీ కుట్టింది ఆయనే. ఆ సాయంత్రం ఆఫీసు గేటు బయట నిలబడి ఆమె కోసం కాచుకున్నాడు.

"చెల్లెమ్మా, బోర్డు ఎటు పోయింది?"

"లోపలే ఉందన్నా. వెనక వసారాలో. నువ్వు రాలేదా?"

"మూడుసార్లు వచ్చాను. మెట్ల మీద చెప్పులు, లోపల దీపం. మీవాళ్ల పూజేదో జరుగుతోంది, మధ్యలో దూరితే మర్యాదగా ఉండదని వెనక్కి వెళ్లిపోయాను." తన చెప్పుల వైపు చూసుకుని, "నేను లోపలికి రావచ్చో లేదో ఎవర్నడగాలో తెలియలేదమ్మా" అన్నాడు.

కోపంగా అని ఉంటే మైదక్క నాలుగు మాటలు తిరిగి అనేది. ఆయన క్షమించమన్నట్టుగా అన్నాడు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు డబ్బా కూడా కింద పెట్టకుండా రిజిస్టరు లాక్కుంది. రోడ్డు నోటీసు పేజీ తీసి, తన సంతకం కింద సిరాతో రాసింది: 'పైన రాసింది అబద్ధం. బోర్డు ప్రజలకు కనిపించే చోట లేదు.' తేదీ వేసి మళ్లీ సంతకం పెట్టి, ఆ పేజీ తెరిచే పెద్దసారు బల్ల మీద పెట్టింది.

ఆయన మొహం కందగడ్డయింది. "ఏమ్మా, మతి ఉండే రాశావా? నీ అబద్ధం నువ్వే ఒప్పుకుంటున్నావు, తెలుసా?"

"తెలుసు సార్. అందుకే సంతకం పెట్టాను."

"ఆయన నీకు మాత్రం దేవుడు కాదా?"

"నా దేవుడే సార్. మా ఇంట్లో గోడ ఉంది, అక్కడున్నాడు. ఈ గోడ దర్జీది కూడా. బోర్డు ఎదురుగోడకు తెండి, రోజుకు పది అతికిస్తాను. అక్కడున్నంత కాలం ఒక్క సంతకం కూడా పెట్టను."

"నిన్ను ఎక్కడికి పంపాలో నాకు తెలుసు."

"పంపండి సార్" అని డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. నడక తగ్గించలేదు.

ఆ రోజు నుంచి నోటీసులు ఆమె బల్ల మీద పేరుకున్నాయి. ఒకటి, నాలుగు, పదకొండు. ఆఫీసు పని నట్టేట్లో నిలబడింది. హెడ్ గుమాస్తా వచ్చి బతిమాలాడు.

"అక్కా, ఒక్క గీత గియ్యి. నీ సొమ్మేం పోయింది?"

"నువ్వే గియ్యి తమ్ముడూ."

ఆయన గతుక్కుమన్నాడు. "పైన నువ్వు అబద్ధమని సిరాతో రాసి పెట్టావు కదా! దాని కింద చెయ్యి పెడితే తనిఖీలో నా మెడకు చుట్టుకోదూ?"

"చుట్టుకుంటుంది" అంది మైదక్క నిక్షేపంగా.

ఇంటి దగ్గర సంగతి వేరు. అత్తగారికి ఎనభై ఏళ్లు, పూజ కానిదే పచ్చి మంచినీళ్లు ముట్టదు. వార్త ఆవిడ చెవిన పడింది. "దేవుణ్ణి గోడ దింపమన్నావటగా! వయసు మీదపడి బుద్ధి గడ్డి తిందా?"

"అత్తయ్యా, నాలుగు నెలల క్రితం మన వీధి కుళాయి నోటీసు ఎలా చూశావు?"

"నువ్వే కదే తీసుకెళ్లావు! తిన్నగా లోపలికెళ్లి చదివించుకున్నాను."

"దర్జీ వెళ్లలేకపోయాడు. మన దేవుడు అడ్డం వచ్చాడనుకున్నాడు."

ముసలావిడ జపమాల పక్కన పెట్టి, "దేవుడికి ఆ చెడ్డపేరు ఎందుకే తెచ్చారు?" అని కసురుకుంది. ఎవర్ని కసురుకుందో మైదక్క అడగలేదు. ఆ రాత్రి కంచంలో అడగకుండానే రెండో వడ్డన పడింది.

ఇరవై రెండో రోజున బదిలీ ఉత్తర్వు వచ్చింది. బస్సులో రెండున్నర గంటల దూరం. పెద్దసారు స్వయంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, పీడా పోయిందన్న మొహంతో.

మైదక్క తిరగేసి మరగేసి చదివింది. బల్ల మీద పదకొండు నోటీసుల పైన పన్నెండోదిగా దాన్ని పెట్టి, చక్కగా అంచులు సరిచేసింది.

"ఏంటమ్మా అది?"

"ఉత్తర్వు సార్. బోర్డెక్కాలి కదా. ఎక్కితేనే నేను వెళ్లేది, నా చోటికి ఇంకొకరు వచ్చేది. అతికించాల్సింది నేనే." డబ్బా మూత తీసి చూపించింది. "పొద్దున్న ఉడికించిందే. వేడిగా ఉంది. బోర్డు తెప్పించండి."

పెద్దసారు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా పైకప్పు వైపు చూశాడు. ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చారు. పెద్దసారు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఫోనులో పై ఆఫీసుతో ఏం మాట్లాడాడో గానీ, మూడింటికి ఇద్దరు మనుషులు నిచ్చెనతో వచ్చారు.

పటం దించారు. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు. మైదక్క తన స్టూలు ఖాళీ చేసింది. "ఇక్కడ పెట్టండి, జాగ్రత్త. సాయంత్రం ఆటో పిలిచి మా ఇంటికి తీసుకెళ్తాను. మా అత్తయ్య చూసుకుంటుంది" అని కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది.

బోర్డు ఎదురుగోడ ఎక్కింది. మైదక్క మొదట దర్జీ కొట్టు తాలూకు రోడ్డు నోటీసును, పాత అంటింపు చెల్లదు కాబట్టి, కొత్త తేదీతో అతికించింది. మళ్లీ ముప్పై రోజులు. ఆయనకు కబురు పంపి మిగతావి ఒక్కొక్కటే అంటించుకుంటూ వచ్చింది. తన బదిలీ కాగితం అన్నిటికన్నా చివర, బ్రష్షు నాలుగు మూలలకూ తిప్పి, అరచేత్తో గాలిబుడగ లేకుండా అదిమింది. ఇరవై ఆరేళ్ల చోటు. రిజిస్టరు తెరిచి పదమూడు సంతకాలూ పెట్టింది.

గుమ్మం దగ్గర అలికిడి అయింది. దర్జీ వచ్చాడు. చెవి వెనక సుద్దముక్క అలాగే ఉంది. గడప ముందు ఆగి, వంగి చెప్పుల పట్టీ విప్పబోయాడు.

"విప్పకన్నా!" అని మైదక్క పిండిచేత్తోనే గట్టిగా కేకేసింది, పెద్దసారు గది తలుపు దాటి లోపలికి వినపడేలా. "ఇది ఆఫీసు. చెప్పులేసుకునే నడిచి రా."