పచ్చ కారు పంచాయితీ

మా ఇంట్లో చాలా కార్లున్నాయి. అన్నీ కలిపి ఒక బీరువా అరలో పడతాయి. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన పాత బొమ్మ కార్లు. వాటిని డైకాస్ట్ కార్లంటారని నేనూ, బేకారు కార్లంటారని మా ఆవిడా ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నాం. ఏలూరులో ఈ పిచ్చి ఉన్నవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. అందుచేత పోటీ లేక పండితుణ్ణయ్యాను.

పాత బొమ్మ కారు గొప్పంతా దాని రంగులో ఉంటుంది. ఆ రంగు ఫ్యాక్టరీలో వేసిందా, తరవాత ఇంట్లో ఎవరో పులిమిందా అన్నది తేల్చడమే అసలు విద్య. ఫ్యాక్టరీలో ముందు రంగు చల్లుతారు, ఆ తరవాతే అడుగుపలక పెట్టి రివెట్లు కొడతారు. కాబట్టి రివెట్ తల మీద రంగు కనిపిస్తే అది ఇంటిపని. కుంచె గీతలున్నా ఇంటిపనే. ఈ మాత్రం విద్యకి ఒక భూతద్దం, చిన్న టార్చి, గంభీరమైన ముఖం చాలు. మూడోది నాకు పుట్టుకతో వచ్చింది.

ఈ మధ్య తాడేపల్లిగూడెం నుంచి ఒక బియ్యం వ్యాపారి ఫోన్ చేశారు. డెబ్భై దాటిన పెద్దమనిషి.

"మీరు బొమ్మ కార్ల రంగులు చెప్తారటండీ. మా దగ్గరొకటుంది, ఒకసారి వచ్చి చూసిపెట్టాలి. అమ్మడానిక్కాదండోయ్, పంచాయితీకి" అన్నారు.

మర్నాడే రైలెక్కాను. కార్ల మీద మమకారం తప్ప అధికారం లేనివాణ్ణి పంచాయితీకి పిలవడం మొదటిసారి.

ముందు కొట్టు, వెనక ఇల్లు. నన్ను కొట్లోనే కూర్చోబెట్టి, గొంతు తగ్గించి సంగతి చెప్పారాయన. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో ఒంటరిగా ఉండే అక్కగారిని కిందటేడు తన దగ్గరికి తెచ్చుకున్నారట. ఆవిడకి మతిమరుపు మొదలైంది.

"అన్నం తినేసి, తినలేదంటుందండీ. మొదట్లో కాదని వాదించేవాళ్ళం. ఇప్పుడు ఏం చెప్పినా ఊఁ కొట్టి ఊరుకుంటున్నాం. గల్లాపెట్టె పక్కన మా నాన్నగారి నాటి బొమ్మ కారొకటుంది. అది తెల్లదంటుంది. నాకు ఊహ తెలిసినప్పట్నించీ పచ్చదే."

"పోనీ దానిక్కూడా ఊఁ కొట్టేస్తే సరిపోయేదేమోనండీ?"

"కొట్టామండీ. ఊఁ కొట్టొద్దు, తేల్చమంటోంది."

లోపల పడక్కుర్చీలో అక్కగారు. సన్నటి మనిషి. ఎదురుగా బల్ల మీద కారు, అరటిపండు రంగులో మెరుస్తోంది. నేను కూర్చోగానే ఆవిడ మొదలుపెట్టారు.

"బాబూ, నాకు మతిపోతోందని నాకు తెలుసు. పోయినవాటి గురించి బెంగలేదు. ఉన్నాయనుకుంటున్నవి కూడా నేను అల్లుకున్నవేమోనని భయం. వీడు ఉయ్యాల్లో ఉండగా మా నాన్న ఈ కారు తెచ్చాడు. తెల్లగా ఉండేది. పడవలో అమ్మమ్మగారి ఊరు వెళ్తూ ఒళ్ళో పెట్టుకుంటే, కొంగపిల్ల ఎగిరిపోతుంది గట్టిగా పట్టుకో అన్నాడు నాన్న. కారు తెల్లది కాకపోతే ఆ మాటా లేదు, ఆ పడవా లేదు. మీరు చూసి ఉన్నదున్నట్టు చెప్పండి. నా ముఖం చూసి చెప్పకండి."

నేను ఆవిడ ముఖం చూడకుండా కారు ముఖం చూశాను. భూతద్దంలో కుంచె గీతల్లేవు. తలుపు సందుల్లో, చక్రాల వెనక కూడా రంగు సమంగా ఉంది. రివెట్ తలలు శుభ్రంగా ఉన్నాయి. ముందు మూత మధ్యలో వెలిసిపోయిన ఎర్రటి గుండ్రం ఒకటుంది. నా గంభీరమైన ముఖం ఇంకొంచెం గంభీరమైంది.

"ఇది ఫ్యాక్టరీలో వేసిన పసుపు రంగేనండీ. ఈ గుండ్రం చూశారా, పందెం కార్లకి ఇక్కడ నంబరు అంటిస్తారు. అరుదైన రకం" అన్నాను.

ఎవరూ సంతోషించలేదు. గెలిచిన తమ్ముడుగారు నేలచూపులు చూస్తున్నారు. అక్కగారు కారు మీద ఆన్చిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"సరే బాబూ. అయితే పడవ కూడా లేదన్నమాట" అన్నారు.

ఏం చెయ్యాలో తోచనప్పుడు పండితుడు ఇంకో పరీక్ష చేస్తాడు. అడుగుపలక మీద జిడ్డు కింద అక్షరాలేవో ఉన్నాయి, కడిగితే తయారీ వివరాలు తెలుస్తాయన్నాను. తమ్ముడుగారి భార్య పళ్ళెంలో నీళ్ళు, సబ్బుముక్క, పాత బ్రష్షు తెచ్చిచ్చారు. నురగతో అడుగు రుద్దాను. నురగ పక్కలకి జారి పచ్చ రంగుకి తగిలింది. తగిలినచోటల్లా కారు ఎర్రబడింది. పళ్ళెంలో నీళ్ళూ ఎర్రబడ్డాయి. వాళ్ళ నాన్నగారి కారుని నా చేతులతో పాడుచేశానని నా ప్రాణం అక్కడే పోయింది.

తమ్ముడుగారి భార్య మాత్రం పళ్ళెంలోకి వంగి చూసి, "అదేంటండీ, పసుపంటిన చీరకి సబ్బు పెట్టినట్టుందే" అన్నారు.

ముందు తేరుకున్నది తమ్ముడుగారు.

"అమ్మ" అన్నారు. "దసరాకి కాటాలకీ తూకపురాళ్ళకీ పూజ చేసేటప్పుడు దీన్నీ పెట్టేదండీ. కొట్టుకి అప్పట్లో బండి లేదు. మనకీ ఒక కారుందిగా అనేది. గడపకి రాసినట్టు నూనెలో పసుపు కలిపి ఒళ్ళంతా రాసేది."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"రంగు గురించి అడిగారు గానీ, పూజ గురించి అడిగారాండీ? అయినా పచ్చ కారుకి పసుపు రాస్తే ఏం తెలుస్తుంది. పచ్చగానే ఉంటుంది."

"అయితే ఈ గుండ్రం..." అన్నాను.

"అది బొట్టు, బాబూ" అన్నారు అక్కగారు.

తెలుగుదేశంలో పుట్టి, రోజూ మా ఆవిడ నుదుట చూస్తూ, బొట్టుని పందెం నంబరన్న మొదటి పండితుణ్ణి బహుశా నేనే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు లోకమంతా ఫ్యాక్టరీగా కనిపించింది. నూనే పసుపూ సాంబ్రాణి పొగా ఏళ్ళ తరబడి పేరుకుని గట్టిపడితే ఏ కుంచె గీతా ఉండదు. పైకి పొడుచుకొచ్చిన రివెట్ తలలు తుడిచినప్పుడల్లా శుభ్రమైపోతాయి. నేను చూసినవన్నీ నిజమే, చెప్పిందే తప్పు.

కారు తలుపు కింద, ఎవరికీ కనిపించని మూల, గోరంత మేర నిదానంగా రుద్దాను. పచ్చ పోయి ఎరుపు, ఎరుపు పోయి కింద నున్నగా తెలుపు. ఈసారి ఏ తీర్పూ చెప్పకుండా కారు ఆవిడ చేతికిచ్చి టార్చి వేశాను. భూతద్దం కూడా ఇవ్వబోతే వద్దన్నారు.

ఆవిడ చాలాసేపు చూశారు. తరవాత తమ్ముడి చేతికిచ్చారు. ఆయన చూసి, కుర్చీ లాక్కుని అక్కగారి పక్కన కూర్చున్నారు.

"మొత్తం కడిగెయ్యమంటారా?" అని అడిగాను.

"వద్దండీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కాఫీలు వచ్చాయి. ఆయన గ్లాసు పట్టుకుని అక్కగారివైపు తిరిగారు. ఊఁ కొట్టడానికి కాదు, అడగడానికి.

"ఆ పడవలో నేనూ ఉన్నానా అక్కయ్యా?"

"నువ్వు లేకపోవడమేం? అమ్మ ఒళ్ళో దారిపొడుగునా ఏడుపు. పడవవాడు పాపం నీకోసం పాట కూడా ఎత్తుకున్నాడు. నీ ఏడుపు ముందు వాడి పాటేం వినపడుతుంది."

"నన్ను ఇప్పుడు తిడుతున్నావా?"

"అప్పుడు తిడదామంటే నీకు మాటలు రావు కదరా."

ఆయన నవ్వి, "మరి ఈ కారు నాన్న ఎక్కడ కొన్నాడే?" అన్నారు.

ఆవిడ కాఫీ ఒక గుక్క తాగి, కాస్త ఆలోచించారు.

"అది మాత్రం గుర్తులేదురా" అన్నారు తీరిగ్గా, ఇంకో గుక్క తాగుతూ.