ఉస్తాదన్న తెచ్చిన నీలం కేబుల్

ఉస్తాదన్న పోయాడని హైదరాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మా ముందు గది కిటికీకి వేలాడుతున్న నీలం కేబుల్‌ను చుట్ట చుడుతున్నాను. ఫోన్ చేసింది ఆయన బావమరిది. "బావ పోయిండక్కా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను కేబుల్ చుట్టడం పూర్తి చేశాను. తర్వాత ఏం చేయాలో తోచక మళ్లీ విప్పేశాను.

అంతకు మూడు రోజుల ముందు ఆ కిటికీ బయటే, నా కళ్లెదుటే ఆయనను కారు గుద్దింది. ఆయన ఎందుకు తప్పుకోలేదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయనను ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. ముఖం మీద పొగిడితే చేతిలోని పానా కింద పడేసి వెళ్లిపోయే మనిషి ఆయన.

మెదక్‌లో మా గల్లీ మొదట్లోనే ఆయన షెడ్డు. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు. ముప్పై ఏళ్లు ఆ రేకుల కిందే కార్లు బాగుచేశాడు. ఇల్లు మాత్రం మా ఇంటికి ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక్క గోడ. ఊరంతా ఉస్తాద్ అనేవారు, నేను అన్న కలుపుకున్నాను. నన్ను చెల్లె అనేవాడు, వరస ఏమీ లేకపోయినా.

ఆయన పేరంతా చెవి మీద నిలబడ్డది. కారు తెచ్చినవాళ్లు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేసేవాడు. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి లేచి, రోగం ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. చేగుంట నుంచి, అల్లాదుర్గ్ నుంచి పని గట్టుకుని ఆ చెవి కోసమే వచ్చేవారు. ఆ స్క్రూడ్రైవర్ పిడి చెమటకూ చెవికీ అరిగి నున్నగా అయిపోయింది.

రెండేళ్ల కిందట ఒక పొద్దున చేతిలో చిన్న అట్టపెట్టెతో మా ఇంటికి వచ్చాడు. నేను ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని దరఖాస్తులు, పెళ్లి పత్రికలు టైప్ చేస్తాను. కుర్చీ మీద పాత పేపర్ పరుచుకుని కూర్చున్నాడు. బట్టలకు గ్రీజు ఉంటుందని మా ఇంట్లో ఎప్పుడూ అలాగే కూర్చునేవాడు. పెట్టెలో నీలం రంగు కేబుల్ ఉంది. ఒక కొస కంప్యూటర్‌కు, లావుపాటి రెండో కొస కారులో స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు. దానితోపాటు ఒక సీడీ. "ఇప్పటి బండ్లకు రోగమొస్తే లైటు ఎలుగుతది. ఏం రోగమో బండే చెప్తదట. జర ఇది నీ కంపూటర్ల ఎక్కియ్యి చెల్లె" అన్నాడు.

అది చెప్పినంత సులువుగా ఎక్కలేదు, నాలుగు రోజులు నా ప్రాణం తీసింది. సీడీలోని సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నా యాంటీవైరస్ అందులో ఒక ఫైల్‌ను దొంగ అనుకుని తీసేసేది. దాన్ని నిద్రపుచ్చి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. అప్పుడు కేబుల్ ఉన్నదన్న సంగతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. దానికి డ్రైవర్ అనే ఇంకో చిన్న ప్రోగ్రామ్ విడిగా వెయ్యాలని రెండో రోజు తెలిసింది. వేశాక కంప్యూటర్ కేబుల్‌కు ఏడో నంబర్ పోర్ట్ ఇచ్చింది. సాఫ్ట్‌వేరేమో నాలుగు దాటితే చూడనంది. నంబర్ మార్చి మూడు చేశాను. ఇంటర్నెట్ తగిలితే కేబుల్ చచ్చిపోతుందని అమ్మినవాడు చెప్పాడట, అందుకని అది నడిచినంతసేపూ నెట్ వైరు పీకేసి కూర్చోవాలి. నాలుగో రోజు కేబుల్ పెట్టగానే కంప్యూటర్ టుడుంగ్ మంది. "అన్నా, సప్పుడు చేసింది, పట్టింది" అని నేను సంబరంగా చెబితే ఆయన తెర వైపే చూస్తూ, ఇంకా పట్టలేదా అని అడిగాడు. కంప్యూటర్ తెలియని మనిషి, ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాని మీదే ఉంది. నాది టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటర్, ఎత్తుకుని కారు దగ్గరికి పోయేది కాదు. కేబుల్ పొడవు నాలుగడుగులు. ఇంకో వైరు కలిపి కిటికీ కమ్మీల్లోంచి బయటికి తీస్తే గోడ పక్కనున్న కారుకు అందుతుంది, అంతే. గల్లీలోకి వస్తుంటే మా ఇల్లు ఎడమ చేతి వైపు. స్టీరింగ్ ఉండేది కుడి పక్క. కారు తిన్నగా వస్తే స్టీరింగ్ అవతలి గోడ వైపు పడుతుంది, వైరు అందదు. అందుకని ప్రతి కారూ వెనక్కి నడిపించుకుంటూ గల్లీలోకి రావాలి. ఉస్తాదన్న వెనక నిలబడి చెయ్యి ఊపుతూ మా కిటికీ దాకా తెచ్చేవాడు. మా గల్లీకి అది వేడుకగా ఉండేది. నీ కిటికీ కాడ కార్లకు సెలైన్ ఎక్కిస్తున్నరా అని ఎదురింటామె నన్ను ఆటపట్టించేది.

నేను లోపల తెర మీద చూసేదాన్ని. ఆయన బయట కారులో కూర్చుని తాళం తిప్పేవాడు. తప్పు ఏదో నంబర్ రూపంలో వచ్చేది. నేను గట్టిగా చదివి చెబితే వినేవాడు కాదు, "చెప్పకు, రాసియ్యి" అనేవాడు. చీటీ రాసి కమ్మీల్లోంచి ఇస్తే నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాడు. కొందరు రిపేరు వద్దు, ఆ ఎర్ర లైటు ఆర్పేస్తే చాలు అనేవారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట నొక్కితే లైటు ఆరిపోతుంది, అడిగినవాళ్లూ సంతోషంగా పోతారు. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "లైటు ఆర్పుడు రిపేర్ కాదు చెల్లె. అది ఒర్లుతుంటే నోరు మూసినట్టయితది" అనేవాడు. ఆ మాట ఇప్పుడు నాకు తల్చుకోబుద్ధి కాదు.

ఆర్నెల్లు గడిచాక అసలు సంగతి బయటపడింది. ఒక ముసలాయన కారు తెచ్చాడు. ఇంజన్‌లోంచి కీచుమని ఒకటే మోత, ఎదురింటామె కూడా చెవులు మూసుకుంది. ఉస్తాదన్న స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చీటీ తీసుకునే నెపంతో మా ఇంట్లోకి వచ్చాడు. నా ముఖం వైపే చూస్తూ మెల్లగా అడిగాడు.

"చెల్లె, బండిలకెళ్లి ఏమన్న సప్పుడొస్తుందా?"

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ముప్పై ఏళ్లు రేకుల కింద సుత్తి దెబ్బలు, సైలెన్సర్ లేని ఇంజన్లు ఆయన చెవులను కొద్దికొద్దిగా తినేశాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి పట్టుకునేవాడు. వెనక నుంచి పిలిస్తే ఏమీ లేదు. హైదరాబాద్ దాకా పోయి ఆ కేబుల్ కొనుక్కొచ్చింది కొత్త బండ్ల కోసం కాదు. చెవి చేసే పని కంప్యూటర్ చేస్తుందేమోనని ఆశ.

చెవుల డాక్టర్ దగ్గరికి పోదామన్నాను, మిషన్ పెట్టుకొమ్మన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "చెవులు పోయిన ఉస్తాద్ కాడికి ఎవలొస్తరు చెల్లె? నువ్వు ఎవలకు చెప్పకు. మీ వదినెకు సుత చెప్పకు" అన్నాడు. నేను సరేనన్నాను. చాలా తేలిగ్గా అన్నాను. ఒక మనిషి గుట్టు నా దగ్గర ఉందన్న గర్వం కూడా కాస్త ఉండిందేమో.

ఆ రోజు నుంచి ఆయన చెవి నేనే. కంప్యూటర్ నంబర్ చెబుతుంది గానీ ప్రతి రోగానికీ నంబర్ ఉండదు. కారు కిటికీ దగ్గర ఆగగానే నేను వినేదాన్ని. ఎట్లొస్తుంది, బియ్యం చెరిగినట్టా, గోలీలు దొర్లినట్టా, గిన్నె మూత ఎగిరినట్టా అని ఆయన అడిగేవాడు. నేను చీటీ మీద రాసిచ్చేదాన్ని. బియ్యం చెరిగినట్టు అని రాస్తే కళ్లు మూసుకుని, ఎప్పుడో విన్న ఆ చప్పుడును తల్చుకుని, సరిగ్గా చెయ్యి పెట్టేవాడు. నేను ఇంజన్ లోపల ఏముంటుందో ఎన్నడూ చూడని దాన్ని, అయినా మా ఇద్దరి వైద్యం ఒక్కసారీ తప్పలేదు. కంప్యూటర్‌ను షెడ్డుకే తీసుకుపో అన్నా, ఈ వెనక్కి నడిపించే తిప్పలు తప్పుతాయి అని చాలాసార్లు అన్నాను. నవ్వి ఊరుకునేవాడు. షెడ్డులో నేనుండను కదా.

మధ్యాహ్నం ఇంకో చీటీ ఉండేది. పక్కింట్లో వదిన జొన్న రొట్టెలు కొట్టడం మొదలుపెడితే గోడకు ఇటు పక్క నాకు తపతపమని వినిపించేది. అది వినే ఆయన వెనకట చేతులు కడుక్కుని ఇంటికి పోయేవాడు. ఇప్పుడు వినపడదు. ఆలస్యమైతే వదినకు అనుమానం వస్తుందని నన్ను అడిగేవాడు, మీ వదినె రొట్టెలు కొడుతుందా అని. కొడుతోందని నేను రాసిస్తే లేచిపోయేవాడు. రొట్టె పెనం దిగేసరికి గడపలో ఉండేవాడు. ఆమెకు తెలియకుండా అంత జాగ్రత్తగా దాచాం, ఆయనా నేనూ కలిసి.

ఆ రోజు పొద్దున పదకొండు కావస్తోంది. చేగుంట నుంచి ఒకతను కారు తెచ్చాడు. మామూలుగా కారు వెనక్కి వచ్చేటప్పుడు నేను గడపలో నిలబడేదాన్ని, ఆయన నా చెయ్యి కూడా చూసుకునేవాడు. ఆ రోజు ఎవరిదో దరఖాస్తు ప్రింటర్‌లో ఇరుక్కుంది. కాగితం లాగుతూ లోపలే ఉండిపోయాను. ఆయన కారును సగం దూరం తెచ్చి, ఆగమని చెయ్యి చూపించి, మా కిటికీ కింద పడిన వైరు తీయడానికి కారుకు వీపు తిప్పి వంగాడు. కారతను ఆ చెయ్యిని రమ్మని అనుకున్నాడు. హారన్ కొట్టాడు. మళ్లీ మళ్లీ కొట్టాడు. అంత హారన్ విన్న మనిషి పక్కకు జరగకుండా ఉంటాడని ఎవరనుకుంటారు?

నేను తలెత్తి కిటికీలోంచి చూశాను. "అన్నా" అని అరిచాను. ఆయనకు వినపడదని తెలిసిన ఒక్కదాన్ని, నేను కూడా అరిచాను.

ఆయనను కారుకూ మా గోడకూ మధ్య నుంచి బయటికి తీశారు. గల్లీ వాళ్లు ఆ కారతన్ని చొక్కా పట్టుకుని కొట్టారు. "హారన్ కొట్టిన, మూడుసార్లు కొట్టిన" అని అతను ఏడుస్తూ చెబుతూనే ఉన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇచ్చిన మాట అడ్డం వచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది పిరికితనం.

దినాలు అయ్యాయి. పదకొండో రోజు సాయంత్రం చుట్టాలంతా పోయాక వాళ్ల వంటింట్లో ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు తనే మొదలుపెట్టింది. రెండేళ్ల కింద ఏదో గొడవలో, ఆ షెడ్డు మూసేసి ఫంక్షన్ హాల్‌లో వాచ్‌మన్‌గా చేరమని ఆయనను అన్నదట. అప్పటి నుంచి వంటింట్లోంచి ఏం అడిగినా జవాబు లేదట. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదట.

"గా మాట మనసుల పెట్టుకున్నడు. నా మీద కోపంతోనే పోయిండు" అన్నది వదిన.

అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. స్క్రూడ్రైవర్, చీటీలు, రొట్టెలు, ఆ రోజు హారన్, అన్నీ. తిడుతుందనుకున్నాను, లేచి పొమ్మంటుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"అయితే నేను తిట్టినయి సుత ఇనలేదా?"

"ఇనలేదు వదినా."

"పిల్షింది సుత?"

నేను తల ఊపాను. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా. ఏడుపు ఆగాక ఒక్క మాట అడిగింది, నాకన్న చెప్పకపోతివి కదా చెల్లె అని. మర్నాడు ఆయనకు చెవులు వినపడేవి కావని టైప్ చేసి, సంతకం పెట్టి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాను. స్టేషన్ బయట కూర్చున్న కారతని భార్య నా చేతులు పట్టుకుంది. చేతులు వెంటనే వెనక్కి తీసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది. తీసేయడానికి మనసు రాదు. కుర్చీ మీద ఆయన పరిచిన పేపర్ కూడా అలాగే ఉంది, గ్రీజు మరకతో. ఆయన నోట్‌బుక్ వదిన నాకే ఇచ్చింది. అందులో నంబర్ల పక్కన నేను రాసిచ్చిన చీటీలన్నీ వరసగా అతికించి ఉన్నాయి, రొట్టెల చీటీలు కూడా.

నిన్న మధ్యాహ్నం ఎవరిదో పెళ్లి పత్రిక టైప్ చేస్తున్నాను. చాలా రోజుల తర్వాత గోడ అవతల వదిన రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. ఒక్క మనిషికి సరిపడా, రెండే రొట్టెలు. నా చెయ్యి దానంతట అదే చీటీ అందుకుంది. కొడుతోంది అని రాసి కిటికీ వైపు తిరిగాను. కమ్మీల్లోంచి చెయ్యి బయటికి చాచి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.